అల్లుడి పాస్‌వర్డు, పిన్నమ్మ సినిమా

ఆ సినిమా పేరు మాత్రం చెప్పను. ఇప్పుడది యాప్‌లో లేదు, అయినా చెప్పను. రేపెప్పుడైనా మళ్ళీ వస్తే మీరందరూ ముందే తెరిచి కూర్చుంటారు, మాకు ఆడకుండా పోతాది. ఆ ఆదివారం పడిన పాట్లు ఇంకోసారి పడే ఓపిక నాకు లేదు.

నేను వర్తూరులో పుట్టి వర్తూరులోనే కాపురం చేస్తాండే మనిషిని. మా తాత కాలంలో ఇది కొత్తిమీర, ముల్లంగి పండించే ఊరు. ఇప్పుడు బెంగళూరు సిటీనే లేసి వచ్చి మా మీద కూర్చుండాది. ఇంట్లో ఉండేది నేను, ఫ్యాక్టరీలో రిటైరై ఇంట్లో రిమోటు డ్యూటీకి చేరిన మా ఆయన, మా పిన్నమ్మ. పిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. ఆమెకు పిల్లల్లేరు. చిన్నాయన పోయినాక నేనే పోయి పిలుచుకొని వచ్చినాను. మా అమ్మ అప్పటికే లేదు.

ఈ పిన్నమ్మ నా చిన్నప్పటినుంచి ఒకే మాట చెప్తాది. "నేను సినిమాలో ఉండాను."

ఆమె పావడా కట్టుకొని తిరిగే వయసులో మా చెరువుకట్ట మీద ఒక తెలుగు సినిమాకు జాతర సీను తీసినారంట. జనం చాలక, కట్టమీద పోయే ఊరి పిల్లల్ని కూడా పిలిచి నిలబెట్టినారంట. ఈమెను గాజుల అంగడి ముందర నిలబెట్టినారంట. కెమెరా నేరుగా ఈమె మొహం మీదికి వచ్చిందంట. ఆ సినిమా తర్వాత టూరింగు టాకీసుకు వచ్చింది గానీ, సినిమా అంటేనే మండిపడే మా తాత ఇంట్లోవాళ్ళను ఎవర్నీ పంపలేదు. ఆ తర్వాత అది ఏ టీవీలోనూ వేయలేదు. మా ఇంట్లో చూసినవాళ్ళు లేరు, చూసినామని చెప్పేవాళ్ళు లేరు.

"ఎవరితో పోయినావు పిన్నమ్మా?" అని అడిగితే, "ఒక్కదాన్నే పోయినా" అంటాది. కథ చెడేది అక్కడే. చీకటి పడితే పెరట్లోకి పోవాలన్నా ఇంకొకరి చెయ్యి పట్టుకొనే పిరికి పిల్లంట ఆమె. అట్లాంటిది తాతకు తెలియకుండా ఒక్కతే కట్ట దాకా పోయి, సినిమావాళ్ళ ముందర నిలబడి నవ్వి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు చెప్పండి!

నమ్మనివాళ్ళందరికీ మేస్త్రి మా మామ. అమ్మకూ పిన్నమ్మకూ తమ్ముడు, కె.ఆర్.పురంలో ఉంటాడు. ఏ పెండ్లిలో పిన్నమ్మ కనపడినా, "తార వచ్చింది, తారకు కుర్చీ వేయండప్పా!" అని పందిరంతా వినపడేట్టు అరుస్తాడు. అందరూ నవ్వుతారు. పిన్నమ్మ కూడా నవ్వుతాది. కానీ ఆ పూట ఆకులో అన్నం అట్లే ఉంటాది. అది చూసినప్పుడల్లా నాకు మామ నెత్తిన సాంబారు బకెట్టు బోర్లించాలనిపిస్తాది. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఎత్తితేనే, "ఇంక చాలు, పనులు చూసుకోండి" అని లేసి పోయేది. చెల్లెలి తరఫున ఒక్క మాట కూడా ఆడేది కాదు.

ఇదిలా ఉండగా ఒక శనివారం సాయంత్రం పిన్నమ్మ టీవీ ముందర కూర్చొని, పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు పితుకుతా ఉండాది. మా ఆయన యాప్‌లో పాత సినిమాల వరసను కిందికి తోస్తా ఉన్నాడు. ఆయనకు సినిమా చూసేదానికంటే వెతికేదే ఇష్టం. ఉన్నట్టుండి పిన్నమ్మ వేళ్ళ సందులోంచి గింజ ఎగిరి ఆయన చెంపకు టప్పున తగిలింది.

"ఆపప్పా! పైకి పో! పైకి! అదే, అదే సినిమా!"

బొమ్మ కింద చిన్న అక్షరాల్లో, ఈ ఆదివారం వరకే ఉంటుంది అని రాసి ఉండాది. అంటే మరుసటి రోజే ఆఖరు. పిన్నమ్మ తడి చేతులతోనే టీవీకి దండం పెట్టింది. "మే, కన్ను మూసేలోపల ఒక్కసారి చూడాల. రేపు తప్పితే మళ్ళీ దొరకదు" అనింది. నాకు అయ్యో పాపం అనిపించింది, వెంటనే మామ గుర్తొచ్చి పౌరుషం లేసింది. ఈ ముసలామె నోటి మాట నిజమని తేల్చకపోతే నేను నేనే కాదు అనుకున్నాను.

అక్కడ ఆగింటే సరిపోయేది. ఆగలేదు. ఫోను తీసి మా వంశంలో ఉండే అందరికీ కలిపి పెట్టిన వాట్సాప్ గ్రూపులో ఇట్ల కొట్టినాను: "రేపు ఆదివారం రాహుకాలం నాలుగున్నరకు. అంతలోపలే చూసేయాల. సరిగ్గా రెండింటికి ఎవరింట్లో వాళ్ళు ఫలానా సినిమా పెట్టండి. పిన్నమ్మ కనపడినాక ఎవరు తారో ఎవరు జోకరో తేలుతాది. ఎవ్వరూ తప్పిపోకూడదు." అందరూ బొటనవేలు ఎత్తిన బొమ్మలు పంపినారు. మా మామ మాత్రం నవ్వే మొహాలు వరసగా పేర్చి పంపినాడు.

ఆ యాప్ మాది కాదని ఇక్కడ చెప్పాల. అది మా అల్లుడిది. పూణేలో ఉండే అల్లుడు దీపావళికి వచ్చినప్పుడు, "అత్తయ్యా, మీరూ చూసుకోండి" అని పాస్‌వర్డు ఇచ్చిపోయినాడు. బంగారంలాంటి పిల్లోడు. మంచి వస్తువు ఇంటికొస్తే మనమే దాచుకొని తినే అలవాటు మా వంశంలో లేదు. తాంబూలం పంచినట్టు పంచినాము. నేను మామకు ఇచ్చినాను. మామ తన కోడలి పుట్టింటికి ఇచ్చినాడు. వాళ్ళు మేడమీద బాడుగకు ఉండేవాళ్ళను మరిచిపోతారా, వాళ్ళకూ ఇచ్చినారు. పెద్దనాయన పిల్లలు, వాళ్ళ తోడికోడళ్ళు, ఇట్ల పోతా పోతా అది యాడ దాకా పోయిందో అల్లుడికి తెలియదు, నాకూ తెలియదు.

ఆదివారం వచ్చింది. పిన్నమ్మ పొద్దున్నే తలస్నానం చేసి పట్టుచీర కట్టింది. పూలు పెట్టుకొని, కుంకుమ భరిణె పట్టుకొని టీవీ దగ్గరికి పోతే మా ఆయన అడ్డం పడినాడు. "అత్తా, దానికి బొట్టు పెట్టొద్దు. అక్కడ సెన్సరు ఉండాది." ఆమె బొట్టు తీసకపోయి రిమోటుకు పెట్టింది. సరిగ్గా రెండింటికి సినిమా మొదలైంది. దేవుడి బొమ్మ వచ్చింది, టైటిళ్ళు వచ్చినాయి, హీరో ఎద్దులబండి తోలుకుంటా పాట ఎత్తుకున్నాడు. పిన్నమ్మ రెప్ప వేయలేదు.

మా ఆయన, "జాతర దాకా ముందుకు తోసేద్దామా?" అన్నాడు. "తోయొద్దు. మొదటినుంచీ మర్యాదగా చూడాల" అనింది పిన్నమ్మ. ఆ మాట అన్న కాసేపటికే కరెంటు పోయింది.

మా ఏరియాలో కరెంటు పోయేది, వచ్చేది గాలికి తలుపు కొట్టుకున్నట్టే. వెంటనే వచ్చేసింది. మళ్ళీ టీవీ పెట్టి, యాప్ తెరిచి, సినిమా మీద నొక్కితే నడుమ ఒక చక్రం తిరిగింది. తిరిగింది, తిరిగింది, ఆ తర్వాత తెర నల్లబడి ఇట్ల వచ్చింది: "ఏదో పొరపాటు జరిగింది. కాసేపాగి ప్రయత్నించండి." కింద ఏదో అంకెల కోడు.

"కరెంటు దెబ్బకు లోపల ఏదో పోయినట్టుండాది" అన్నాడు మా ఆయన. అని చేతులు రుద్దుకున్నాడు. ఆయన ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పనిచేసిన మనిషి. వస్తువు చెడిపోతే ఆయన మొహంలో వచ్చే కళ మా పెండ్లినాడు కూడా నేను చూడలేదు. "ముందు లోపం యాడుందో కనిపెట్టాల, ఆ తర్వాతే చెయ్యి పెట్టాల" అంటా టీవీ వెనకాల దూరి, ప్లగ్గు పీకి, ఉఫ్‌మని ఊది, బనీను అంచుతో తుడిచి మళ్ళీ పెట్టినాడు. చక్రం తిరిగింది. నల్లబడింది.

తర్వాత రౌటరు వంతు. దాన్ని ఆర్పి, చంటిబిడ్డను నిద్రపుచ్చినట్టు కాసేపు వదిలేసి, మళ్ళీ లేపినాడు. దాని పచ్చ దీపాలన్నీ ముచ్చటగా వెలిగినాయి. చక్రం తిరిగింది, నల్లబడింది. నెట్టు కనెక్షన్ ఇచ్చినతనికి ఫోను చేస్తే, "రీస్టార్ట్ మాడి సార్" అన్నాడు కన్నడంలో. "మాడిదీని", చేసినాను అన్నాడు మా ఆయన. "ఇన్నొంద్సల మాడి సార్" అని పెట్టేసినాడు. మా ఆయన ఇంకోసారి ఆర్పి వెలిగించినాడు. రౌటరుకు ఏం రోగం లేదు, ఆయన చేతికే ఉండాది.

గ్రూపులో చూస్తే అందరూ గోల. "మాకూ ఆడలేదు." "మాకూ చక్రమే." "మొదట ఆడి ఆగిపోయింది పిన్నీ." ఒకరు టీవీని అప్‌డేట్ చేయమంటారు, ఒకరు యాప్ తీసేసి మళ్ళీ వేయమంటారు, ఒకరు రిమోటు బ్యాటరీలు ఎండలో పెట్టమంటారు. మా ఆయన అన్నీ చేసినాడు. యాప్ తీసేసి వేస్తే మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. ఆ రిమోటు బాణాలతో ఒక్కొక్క అక్షరం దగ్గరికి నడుచుకుంటా పోయి నొక్కేలోపల ఒక పడి బియ్యం ఏరేయొచ్చు. పైగా అల్లుడు ఇంజనీరు కాబట్టి అందులో చిన్నక్షరం, పెద్దక్షరం, నక్షత్రం గుర్తు అన్నీ పెట్టుండాడు. నేను చదివేది, ఆయన తప్పు నొక్కేది, నేను అరిచేది. పిన్నమ్మ మా ఇద్దరినీ, గడియారాన్నీ మార్చి మార్చి చూస్తా ఉండాది. పాపం ఆమె ఒక్కసారి కూడా ఆలస్యమైందని అనలేదు. దాంతో నాకు ఇంకా కడుపు మండింది.

కడాకు నేను ఫోనులో యాప్‌వాళ్ళ సహాయం పేజీ తెరిచినాను. "నమస్కారం! నేను మీ సహాయకుడిని. మీ సమస్య చెప్పండి" అని వచ్చింది. పిన్నమ్మ నా భుజం మీదినుంచి తొంగి చూసింది.

"ఎవరప్పా ఈ పిల్లోడు? ఆదివారం కూడా పని చేస్తాండాడే. అన్నం తిన్నాడేమో అడుగు."

"పిల్లోడు కాదు పిన్నమ్మా, మిషను."

"మిషనైతే నమస్కారం ఎందుకు పెడతాది?" అనింది. నేను టైపు కొట్టినాను. మా పిన్నమ్మ ఈ సినిమాలో ఉండాది, ఈరోజే ఆఖరు, చక్రం తిరుగుతాండాది, ఏదో ఒకటి చేయండి నాయనా అని మొత్తం రాసినాను. "క్షమించండి, నాకు అర్థం కాలేదు. మీ టీవీ ఆన్ చేసి ఉందో లేదో చూడండి" అని వచ్చింది. నాకు తిక్క రేగింది. నోటికొచ్చింది రాసినాను. "మీ ఓపికకు ధన్యవాదాలు" అనింది.

మా ఆయన ఫోను లాక్కొని, తెర మీది అంకెల కోడు ఒక్కటే కొట్టి పంపినాడు. అప్పుడు దానికి బుద్ధి వచ్చింది. "మీ ఖాతాతో ఒకే సమయంలో రెండు చోట్ల మాత్రమే చూడగలరు. ప్రస్తుతం వేరే రెండు చోట్ల వీడియో నడుస్తోంది. ఒకచోట ఆపి మళ్ళీ ప్రయత్నించండి. మీ సమస్య పరిష్కారమైందా?"

ఇద్దరమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. టీవీకి ఏం కాలేదు. నెట్టుకు ఏం కాలేదు. వంశాన్నంతా పిలిచి, ముహూర్తం పెట్టి, అందరినీ ఒకేసారి అల్లుడి అకౌంటు మీదికి తోలింది నేను. కరెంటు పోయిన ఆ రెండు క్షణాల్లో మా చోటు ఎవరో పట్టుకున్నారు. "పిలుపు బాగా అందినట్టుండాది" అన్నాడు మా ఆయన. ఇంకో మాట అనుంటే రౌటరు ఆయన నెత్తిన పడేది.

యాప్‌లో వెతికితే ఏ ఏ టీవీల్లో ఆడుతాందో ఒక పేజీ కనపడింది. ఒకటి కె.ఆర్.పురం మామది. రెండోది సర్జాపుర రోడ్డు అపార్టుమెంటులో ఉండే మా వియ్యపురాలిది, అంటే అల్లుడి కన్నతల్లిది.

మామకు ఫోను కొట్టినాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ కొట్టినాను. ఎత్తలేదు. కావాలనే ఎత్తడం లేదని నాలుగు తిట్టుకొని అల్లుడికి చేసినాను. అల్లుడు నవ్వి, "దానికేముంది అత్తయ్యా! అన్ని టీవీలనుంచీ సైనౌట్ అని ఒక బటన్ ఉంటుంది. నొక్కేయండి. అందరూ బయటికి పోతారు. మీరు మళ్ళీ లోపలికి వెళ్ళండి" అన్నాడు.

నేను వేలు పెట్టబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నీకేమన్నా మతి ఉండాదా? అల్లుడి పాస్‌వర్డు పట్టుకొని అల్లుడి తల్లిదండ్రుల్నే బయటికి నూకేదా? వాళ్ళు కాఫీ తాగతా సినిమా చూస్తా ఉంటే టప్‌మని ఆగిపోయి, తలుపు మొహాన వేసినట్టు ఉండదా?"

"అల్లుడే నొక్కమన్నాడు."

"అల్లుడు అంటాడు. వియ్యపురాలు అనుకొనేది వేరే."

"అట్లయితే మనమే సొంతంగా ఒకటి కొనేద్దాం పట్టు."

"అల్లుడు ఇచ్చింది చాల్లేదని కొన్నారంట అని వాళ్ళు అనుకోరా?"

నిజం చెప్తాను, నాకు కోపం వచ్చింది గానీ ఆయన మాట కాదనలేకపోయినాను. కూతుర్ని ఇచ్చిన చోట ఒక బటన్ నొక్కాలన్నా పదిసార్లు ఆలోచించాల. బటన్ అట్లే ఉండాది, నా వేలు అట్లే ఉండాది, గడియారం మాత్రం నాలుగు దాటింది.

అప్పుడు గ్రూపులో మామ మెసేజి పడింది. మా ఆయనకు ఏది చదవాల, ఏది చదవకూడదు అనే జ్ఞానం లేదు. పైకి చదివేసినాడు: "మొదటినుంచి కడాదాకా కన్నార్పకుండా చూసినాను. జాతర వచ్చింది, పోయింది. చిన్నక్క యాడా లేదు. తారకు నా సానుభూతి." కింద ఒకరి వెనక ఒకరు నవ్వే బొమ్మలు పెట్టినారు.

పిన్నమ్మ తల్లోంచి పూలు తీసి పక్కన పెట్టింది. "పోనీలే మే. ఆపేయండి. చీర మార్చుకుంటా" అని లేసింది. నేను ఆమెను ఏడుస్తా చూసినాను, కోపంగా చూసినాను, కానీ అట్ల చల్లబడిపోయి ఎప్పుడూ చూడలేదు.

"చీర మారిస్తే నా మీద ఒట్టే" అని అరిచి మళ్ళీ టీవీ మీద నొక్కినాను. మామ చూడటం అయిపోయిందంటే ఆయన చోటు ఖాళీ కావాల కదా! చక్రం తిరిగింది, నల్లబడింది. మామ వదిలిన చోటును మేడమీద బాడుగవాళ్ళో, కోడలి పుట్టింటివాళ్ళో బస్సులో సీటు పట్టినట్టు పట్టేసినారు. ఇంక వియ్యపురాలికి ఫోను చేయక తప్పలేదు.

మా వియ్యపురాలు కోస్తా మనిషి. ఎంత మర్యాదంటే ఆమెతో మాట్లాడేటప్పుడు నేను ఇంట్లో ఉన్నా చెప్పులు విప్పేస్తాను. ఆపేయండి అని నోటితో చెప్పకుండా, ఆమె అంతట ఆమే ఆపేట్టు మాట్లాడాల. మోకాలి నొప్పి అడిగినాను. నీళ్ళ ట్యాంకరు వస్తాందా అని అడిగినాను. ఆవకాయ ఎట్ల ఉండాది అని అడిగినాను. మా ఆయన గడియారం చూపించి సైగలు చేస్తాండాడు.

"వదినగారూ, టీవీ ఎక్కువ చూస్తే కండ్లకు మంచిది కాదంట కదా" అన్నాను.

"అవునండీ! అయినా ఇవాళ మీ పిన్నమ్మగారి సినిమా అని మా కోడలు చెప్పింది, చూడకపోతే ఎలాగండీ! మధ్యలో చుట్టాలొస్తే ఆపి ఉంచామండీ. ఇప్పుడే మళ్ళీ పెట్టుకున్నాం. జాతర ఇంకా రాలేదు. మీరు చూసేశారా?"

ఇంక దాచలేకపోయినాను. "లేదు వదినగారూ. మా టీవీ కొంచెం..." అన్నాను.

"అయ్యో, చెప్పరేం! ఆపేస్తున్నాను. బయల్దేరి వచ్చేయండి. పెద్దావిణ్ణి తీసుకురండి. మాది పెద్ద టీవీ. మీరొచ్చేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను" అనింది మహాతల్లి.

ఆమె ఆపితే మా ఇంట్లోనే ఆడేదేమో గానీ, అంత మర్యాదగా పిలిచినాక పోకుండా ఉండలేము. అందులోనూ వియ్యపురాలి ఇంటికి వట్టి చేతులతో పోలేము కదా! సినిమా పోతే పోయింది గానీ తాంబూలం లేకుండా పోయేది లేదు అన్నాడు మా ఆయన. దారిలో గుంజూరులో పండ్లకు ఒకసారి, పూలకు ఒకసారి కారు ఆపినాము. పితికిపప్పు పులుసు గిన్నె పిన్నమ్మ ఒళ్ళో ఉండాది. ముందర నీళ్ళ ట్యాంకరు ఒకటి దారి ఇవ్వకుండా నీళ్ళు కార్చుకుంటా పోతాండాది. మా ఆయన దాని వెనకాలే ఊరేగింపులో పోయినట్టు పోతాండాడు. "ఓవర్‌టేక్ చేయి" అని నేను, "గుంతలుండాయి" అని ఆయన. గుంత వచ్చినప్పుడల్లా పిన్నమ్మ గిన్నెను గుండెకు హత్తుకొంటాది. రాహుకాలం మా కండ్ల ముందరే మొదలైపోయింది. నేను ఆ మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

అపార్టుమెంటులో తలుపు తీస్తే సోఫాలో ఎవరు కూర్చొని ఉండాలి? మా మామ! చేతిలో మిరపకాయ బజ్జీ. వియ్యపురాలు మర్యాదకు ఆయన్నీ అత్తనూ కూడా పిలిచిందంట. రింగురోడ్డు మీద మాకంటే ముందే వచ్చి దిగినాడు. "రాండి, రాండి. లేని తారను చూసేదానికి రెండోసారి వచ్చినా" అన్నాడు.

"మొదటిసారి ఎప్పుడు చూసినావులే" అనింది మా అత్త, నింపాదిగా. "టైటిళ్ళు పడేటప్పుడే గుర్రు పెట్టినావు. ఫోను నెత్తి దగ్గరే కొట్టుకొనింది, కదల్లేదు. సినిమా అయిపోయినాక లేసి, మూతి తుడుచుకొని మెసేజి కొట్టినావు."

నేను మామను చూసిన చూపుకు ఆయన బజ్జీ ప్లేటులో పెట్టేసినాడు. కానీ పిన్నమ్మ మొహంలోకి ప్రాణం వచ్చింది. అట్లయితే లేదని ఇంకా ఎవరూ చూడలేదన్న మాట! ఆమె పోయి టీవీకి ఎదురుగా కింద కూర్చొనింది. వియ్యపురాలు బజ్జీలు తినమనింది, కాఫీ తాగమనింది, వియ్యంకుడు ఏదో గుర్తొచ్చినట్టు గడియారం చూసి, "రాహుకాలం ఇంకా ఉందండీ, కాస్త ఆగుదామా?" అన్నాడు.

"ఏ కాలమైనా కానీయండి అన్నయ్యా. పెట్టండి" అనింది పిన్నమ్మ.

వియ్యంకుడు రిమోటు నొక్కినాడు. హీరోయిన్ ఏడుపు అయింది, విలను నవ్వు అయింది. ఆ తర్వాత డప్పులు మొదలైనాయి. నీళ్ళు తళతళమంటా ఒక చెరువు, కట్టమీద జనం, రథం. "మన చెరువు" అన్నాడు మా ఆయన మెల్లగా. ఇప్పుడుండే నురుగూ వాసనా లేని మా చెరువును నేను మొదటిసారి చూసినాను. కెమెరా జనం మీదుగా జరుగుతా వచ్చింది. బొరుగులు, బెండ్లు, గాజుల అంగడి. మామ ముందుకు వంగినాడు.

సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయింది. నడుమ చక్రం వచ్చి తిరగడం మొదలుపెట్టింది. ఎవరు తెరిచినారో, యాడ తెరిచినారో ఆ దేవుడికే తెలియాల. నాకు నోటికి రాబోయిన బూతు వియ్యపురాలి మొహం చూసి మింగేసినాను.

మింగేసి, తెర వైపు చూసినాను. గాజుల అంగడి ముందర ఒక చిన్నపిల్ల పావడా జాకెట్టులో నిలబడి ఉండాది. గడ్డం మీద పుట్టుమచ్చ, భయంతో ఇంత పెద్దవైన కండ్లు. అది పిన్నమ్మే. చంటిబిడ్డ చూసినా చెప్తాది. కానీ నేను చూస్తాండేది ఆమెను కాదు. ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకొని, ఓణీ భుజం మీదికి ఎగదోసుకొని, పండ్లన్నీ కనపడేట్టు తల వెనక్కి వేసి నవ్వుతా ఇంకొక అమ్మాయి ఉండాది.

"పెద్దక్క" అన్నాడు మామ. ఆ గొంతు మామదేనా అనిపించింది.

మా అమ్మ. నా కూతురికంటే చిన్నదిగా ఉండే మా అమ్మ.

నేనే అడిగినాను. "ఒక్కదాన్నే పోయినానంటివే పిన్నమ్మా?"

"అప్పటికి అక్కకు పెండ్లి నిశ్చయమై ఉండె" అనింది పిన్నమ్మ, తెర మీదినుంచి కండ్లు తీయకుండా. "సినిమాలో నిలబడిందని తెలిస్తే మగపెండ్లివాళ్ళు వద్దంటారని ఆమెకు భయం. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకొనింది. పోదాం రా అని చెయ్యి పట్టుకొని లాక్కొనిపోయింది ఆమే. నాకు యాడిది అంత ధైర్యం?"

"అమ్మ పోయి ఇన్నేండ్లాయె. ఆ తర్వాతైనా ఒక్క మాట చెప్పుంటే అందరి నోర్లూ మూతపడేవి కదా!"

"పోయిందని ఒట్టు తీసి గట్టున పెట్టేదా?" అనింది. "ఇప్పుడు కూడా నేను చెప్పలేదు కదప్పా. అదే కనపడింది."

మామ ఫోను తీసి ఏదో నొక్కినాడు. మా అందరి ఫోన్లలో ఒకేసారి టింగుమని మోగింది. చూస్తే ఆయన మధ్యాహ్నం పెట్టిన మెసేజి ఉండాల్సిన చోట, ఈ మెసేజి తొలగించబడింది అని ఉండాది. దాని కింద ఆయన, "ఉండారు. ఇద్దరూ ఉండారు" అని మాత్రం రాసినాడు. రాసి కండ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకుంటా కూర్చున్నాడు.

వియ్యంకుడు అంతసేపూ మర్యాదగా ఆగి, ఇంక ఆగలేక లేసినాడు. "ఆగిపోయింది కదండీ, ఒక్క నిమిషం, రౌటరు రీస్టార్ట్ చేసేస్తాను" అంటా గోడ దగ్గరికి పోయినాడు. మా ఆయన కూడా అలవాటు కొద్దీ చేతులు రుద్దుకుంటా లేసినాడు.

"ఉండనీయండి అన్నయ్యా" అనింది పిన్నమ్మ. "బాగు చేయొద్దండి. నా మొహం చూసుకోవాలనా ఇంత గలాటా చేసింది? నా మొహం దినామూ అద్దంలో చూస్తానే ఉండా. అక్కను చూడాలని."

మా అమ్మకు పెండ్లికి ముందు తీసిన ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆమె నోరు తెరిచి నవ్వగా నేను చూసిందే లేదు. నాకు ఏడుపు వచ్చేసింది. వియ్యపురాలి ముందర ఏడవకూడదని కూడా గుర్తు రాలేదు. పోయి పిన్నమ్మ పక్కన కింద కూర్చున్నాను. వియ్యపురాలు కూడా వచ్చి కూర్చొనింది. వియ్యంకుడు రౌటరు దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయినాడు. చక్రం తిరుగుతానే ఉండాది, అమ్మ నవ్వుతానే ఉండాది, మేమెవ్వరమూ రిమోటు ముట్టలేదు.